చెక్క మీద 1780: హైదరాలీ దండయాత్ర నమూనా, పని డైరీ

జూన్ 8

ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటును సగానికి కోయించి తెచ్చాను. నాలుగడుగుల చదరం. ముందు గదిలో గోడకు ఆనించానో లేదో, అక్క అడిగింది: "మళ్ళా ఏం పెట్టుకుంటివిరా?" రిటైరయ్యాక ఇది నాలుగో పని. మొదటి మూడూ సగంలో ఆగి అటకెక్కాయి గనక ఆమె అడగడంలో న్యాయముంది.

పని పెట్టింది మేనల్లుడు. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాడు. మైసూరు యుద్ధాల పాఠంలో, హైదరాలీ చనిపోయింది మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో, 1782 డిసెంబరు 7న, అని చెబితే క్లాసులో ఒక్కరూ నమ్మలేదట. "శ్రీరంగపట్నం రాజుకు ఈడేం పని సార్?" అన్నారట. "మామా, ముప్పై ఏండ్లు మ్యాపులు గీసినావు గదా, ఆ దండు దిగిన దోవంతా ఒక మోడల్ చేసియ్యగూడదా?" అన్నాడు. నేను డ్రాఫ్ట్స్‌మన్ని. మ్యాపు అనే మాట వాడితే కాదనలేనని వాడికి తెలుసు.

స్కేలు గంటలో తేలింది. 1:2,00,000, అంటే సెంటీమీటరుకు రెండు కిలోమీటర్లు. బోర్డు మీద 244 కిలోమీటర్ల చదరం పడుతుంది. పైన తిరుపతి, కింద పోర్టోనోవో (ఇప్పటి పరంగిపేట), పడమటి అంచున కోలారు, తూర్పున మద్రాసు, మద్రాసు పక్కన నాలుగు సెంటీమీటర్ల బంగాళాఖాతం. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. శ్రీరంగపట్నం మాత్రం బోర్డు అంచుకు రెండున్నర అడుగులు అవతల, ఫ్రిజ్జు దగ్గర పడింది. గుంటూరు దాదాపు ఐదడుగులు ఉత్తరాన, వంటింటి గుమ్మం మీద. రెండు చోట్లా చీటీలు అంటించాను.

జూన్ 15

2000లో అమెరికా వాళ్ళు స్పేస్ షటిల్ నుంచి రాడారుతో కొలిచిన ఎత్తుల లెక్కలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి. మేనల్లుడు వాటిని మ్యాపులు గీసే సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్‌లో వేసి, నూరు మీటర్లకొక కాంటూరు గీత తీయించి, పదిహేను ఏ3 కాగితాల మీద ప్రింటు తెచ్చాడు. మా రోజుల్లో ఈ పనికి ఒక టీము, ఒక జీపు, ఆరు నెలలు. కాస్త కడుపుమంటగానే ఉంది.

నూరు మీటర్లకు మూడు మిల్లీమీటర్ల సన్‌బోర్డు పొర ఒకటి. నిజం స్కేలులో నూరు మీటర్లంటే అర మిల్లీమీటరే. అంటే ఎత్తును ఆరింతలు పెంచి చూపిస్తున్నాను. ఇది మోసమే. కానీ పెంచకపోతే తిరుమల కొండ అర సెంటీమీటరు కూడా రాదు, అట్లా చేస్తే ఈ ఊర్లో నన్ను బతకనివ్వరు.

పొరలు లెక్కపెడితే: కోలారు ఎనిమిది, పలమనేరు ఆరు, చిత్తూరు మూడు, కంచి సున్నా. మేనల్లుడి కూతురు (ఏడో తరగతి) కోలారు మీద గోలీ పెట్టి వదిలింది. టకటకా మెట్లు దిగి ఆర్కాడు దాటి ఆగింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అంతే. పది సార్లు ఆడింది. పైన కూర్చున్నవాడికి కింద మైదానం ఎట్లా కనబడి ఉంటుందో నాకు ఆ గోలీని చూశాకే తెలిసింది.

జూన్ 29

పొరల మెట్లు కనబడకుండా కాగితపు గుజ్జు పూయాలి. పాత పేపర్లు రెండు రోజులు నానబెట్టి గ్రైండర్లో వేశాను (అక్క ఇంట్లో లేనప్పుడు). బైండింగుకు మైదా ఉడకేసిన జిగురు. "మెంతులు నానేసి రుబ్బి కలుపు, మా అమ్మ బుట్టలకు అదే పూసేది, పురుగు ముట్టదు" అని అక్క ముందే చెప్పింది. మెంతుల ధర చూసి వినలేదు.

పైగా సైన్యాలను ఎట్లా చూపాలా అని ఆలోచించి రాగి గింజలు తెచ్చాను. గింజకు నూరు మంది. హైదరు దండు 80, 90 వేలని చెబుతారు కాబట్టి సుమారు 850 గింజలు చెంగం కనుమ దగ్గర కుప్ప పోశాను. అటువైపు ఈస్టిండియా కంపెనీ కల్నల్ బెయిలీ దళానికి 28.

పొద్దున లేచి చూస్తే జవ్వాది కొండలు లేవు. ఎలుకలు మైదాతో సహా కొరుక్కు తిన్నాయి. హైదరు దండు మొత్తం మాయం. బెయిలీ 28 గింజలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చరిత్ర ఇట్లా జరిగుంటే కంపెనీవాళ్ళు ఎంత సంతోషించేవాళ్ళో.

గుజ్జులో ఇప్పుడు మెంతిపిండి, జిగురులో మైలుతుత్తం కలిపాను. రాగుల బదులు నల్లపూసలు.

జూలై 6

చెక్క వంగింది. తడి గుజ్జు ఆరేకొద్దీ లాగి, ప్లైవుడ్‌ను అప్పడం మాదిరి పైకి లేపింది. మద్రాసు మూల నాలుగు సెంటీమీటర్లు లేచి కోలారు కంటే ఎత్తుకు పోయింది. అడుగున రీపర్లు కొట్టమని ఆచారి మొదటి రోజే చెప్పాడు. ఈరోజు వచ్చి చూసి ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. తిరగేసి, తడి గుడ్డలేసి, రుబ్బురాయి బరువు పెట్టి, వారం తర్వాత నాలుగు రీపర్లు స్క్రూలతో బిగిస్తానన్నాడు.

జూలై 20

బోర్డు తొంభై శాతం చదునుకు వచ్చింది. ఉత్తరం తూర్పు మూలలో కొంచెం వంపు మిగిలింది. ఆచారి "చాల్లే సామీ, భూమ్మీద యాడుండాది చదును" అన్నాడు.

ఈరోజు దారాలు కట్టాం. ఎర్ర దారం హైదరు, నీలం దారం కంపెనీ. ఎర్ర దారం ఎక్కడ మొదలు కావాలన్న దగ్గర మాకు వాదన వచ్చింది. మేనల్లుడు 1780 జూలైలో చెంగం కనుమ దగ్గర మొదలు పెడదామన్నాడు. పుస్తకంలో అట్లే ఉంటుంది: హైదరు కనుమ దిగాడు, కర్ణాటకం (ఆర్కాటు నవాబు ఏలిన సీమ) మీద పడ్డాడు. నేను ఫ్రిజ్జు దగ్గరి చీటీ నుంచే మొదలు పెట్టాలన్నాను. కనుమ దిగడం చివరి అడుగు, మొదటిది కాదు.

1769లో మద్రాసు వాకిట్లో నిలబడి హైదరు కంపెనీతో ఒప్పందం రాయించుకున్నాడు: ఒకరి మీద శత్రువు వస్తే ఇంకొకరు సాయం రావాలని. మరుసటి ఏడే మరాఠాలు మైసూరు మీద పడితే కంపెనీ కదల్లేదు. అది ఆయన మరిచిపోలేదు. తర్వాత అమెరికాలో తిరుగుబాటు. ఫ్రాన్సు అమెరికన్ల పక్షాన 1778లో యుద్ధంలోకి దిగేసరికి, ఇంగ్లీషువాళ్ళు ఇక్కడి ఫ్రెంచి రేవులన్నీ పట్టడం మొదలుపెట్టారు. 1779 మార్చిలో మలబారు తీరంలో మాహే పట్టారు. ఆ రేవు నా రక్షణలో ఉంది, ముట్టవద్దని హైదరు ముందే చెప్పాడు. ఆయనకు ఫ్రెంచి తుపాకులు, మందుగుండు వచ్చేది ఆ దోవనే. అదే ఏడు కడప నవాబును ఓడించి కడప సీమ కలుపుకున్నాడు హైదరు. కంపెనీ గుంటూరు కోసం, ఆదోని ఏలే నిజాము సోదరుడు బసాలత్ జంగ్‌తో బేరం కుదుర్చుకుని, హైదరును అడగకుండానే తన దళాన్ని ఆ కడప నేల మీదుగా ఆదోనికి పంపబోయింది. గుంటూరు బేరంతో నిజాముకూ కోపమొచ్చింది. మరాఠాలు అప్పటికే కంపెనీతో యుద్ధంలో ఉన్నారు. ఒకరితో ఒకరికి పడని ముగ్గురిని ఒక పక్కకు చేర్చిన ఘనత పూర్తిగా మద్రాసు కౌన్సిలుదే.

కాబట్టి దారం ఫ్రిజ్జు దగ్గరే మొదలైంది. అక్క దాని కింద నుంచి వంగి ఫ్రిజ్జు తీస్తా ఉంది. తిట్లు రాయను.

ఆగస్టు 3

నదులు. నాకు ఇష్టమైన పని. చిన్న ఉలితో గాడి తీసి, నీలం అక్రిలిక్ వేసి, పైన వార్నిష్. పాలారు, చెయ్యేరు, పొన్నై, దాంట్లో కలిసే మన నీవా, పైన స్వర్ణముఖి. చివరగా కొసస్తలై. బోర్డు మీద వెంట్రుక మందం గీత అది. ఈరోజంతా దాని దగ్గరే పోయింది, ఎందుకంటే ఈ దండయాత్రలో పెద్ద దెబ్బ ఆ గీత దగ్గర తగిలింది.

కంపెనీ సైన్యాధిపతి హెక్టర్ మన్రో, 1764లో బక్సారు గెలిచినవాడు, ఐదు వేల పైచిలుకు మందితో కంచిలో దిగాడు. గుంటూరు దళం, ఆదోని దోవలో తగాదా పెట్టిన అదే దళం, బెయిలీ కింద దక్షిణానికి వచ్చి ఆయన్ని కలవాలి. సుమారు 2,800 మంది. బెయిలీ ఆగస్టు 25న కొసస్తలై ఒడ్డుకు చేరాడు. ఏట్లో నీళ్ళు లేవు, నడిచి దాటొచ్చు. దాటకుండా ఉత్తరపు గట్టున గుడారాలు వేశాడు. రాత్రికి ఏరు పొంగింది. సెప్టెంబరు మొదటి వారం దాకా అక్కడే.

ఆ ఏటికి పై నీళ్ళలో ఒక వాటా మన కార్వేటినగరం, నగరి కొండలది. ఈ మాట చెప్పగానే పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "అంటే మన కొండల్లో వానొస్తే ఆడ యుద్ధం ఓడిపోయినారా తాతా?" వాన ఒక్కటే కాదమ్మా అని చెప్పబోయి ఆగాను. ముప్పై ఏండ్లు ఏళ్ళ నీటిమట్టాలు గీసిన నాకు ఆ ప్రశ్న భలే నచ్చింది. ఎండిన ఏటి గట్టు మీద, వానాకాలంలో, రేపు దాటదాంలే అనుకోవడం ఎట్లాంటి తప్పో ఈ జిల్లాలో గొర్రెలు మేపేవాడికీ తెలుసు.

ఏరు దాటాక సెప్టెంబరు 6న పేరంబాకం దగ్గర టిప్పు అడ్డం పడ్డాడు. బెయిలీ నిలబడగలిగాడు గానీ కదలలేకపోయాడు. అక్కడి నుంచి మన్రో ఉన్న కంచి సుమారు 14 మైళ్ళు. మా బోర్డు మీద 11 సెంటీమీటర్లు. బెత్తెడు మీద కాస్త. నా అరచేయి పెడితే రెండు దళాలూ దాని కిందికి వచ్చేస్తాయి. మన్రో తాను కదలకుండా ఫ్లెచర్ కింద వెయ్యి మందిని రాత్రి పూట పంపాడు. వాళ్ళు చేరారు కూడా. ఇప్పుడు 38 పూసలు. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర హైదరు, టిప్పు ఇద్దరూ కమ్ముకున్నారు. మందుగుండు బండ్లు పేలిపోయాయి. ఆ దళంలో మిగిలింది లేదు. ఇన్నూరు మంది దాకా తెల్లవాళ్ళు ఖైదీలై శ్రీరంగపట్నం నడిచారు. బెయిలీ అక్కడే 1782లో చెరలో చచ్చిపోయాడు. మన్రో పెద్ద ఫిరంగులను కంచి కోనేట్లో తోసి మద్రాసుకు వెనక్కి పోయాడు.

మేనల్లుడు 38 పూసలనూ ఎత్తేసి డబ్బాలో వేశాడు. పిల్ల రెండు పూసలు మళ్ళీ తీసి ఎర్ర దారం వెంబడి ఫ్రిజ్జు మీద పెట్టింది. లెక్క సరిగ్గా ఉంది: ఇన్నూరు మంది.

ఆగస్టు 17

బోర్డుకు సెలవు. ఈ వారం రాకెట్టు. పొల్లిలూరులో మందుగుండు బండ్లకు నిప్పు తగిలింది మైసూరు రాకెట్ల వల్లేనని అంటారు. పిల్లలకు ఒకటి నిజం కొలతలో చూపాలని మేనల్లుడి పట్టు.

కొలత: ఎనిమిదంగుళాల ఇనుప గొట్టం, ఒక కొస మూసినది, ఒకటిన్నర నుంచి మూడంగుళాల లావు. దాన్ని నాలుగడుగుల వెదురు కర్రకు తోలు పట్టీలతో కట్టేవాళ్ళు. యూరపులో అప్పుడు రాకెట్టంటే కాగితం, అట్ట గొట్టం. ఇనుము లోపల మందు గట్టిగా దట్టించొచ్చు, పగలకుండా ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది, అందుకే కిలోమీటరు పైన పోయేది. తేడా అంతా ఆ గొట్టంలోనే ఉంది.

ప్లంబరు దగ్గర రెండంగుళాల జీఐ పైపు ముక్క కోయించి, ఒక కొసకు మూత వేయించాను. మందు లేదు, లోపల ఇసుక. తోలు పట్టీలకు చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పోతే, నేను ముడి వేసింది చూసి నవ్వి, తడిపిన తోలుతో తానే కట్టిచ్చాడు. తడి తోలు ఆరేకొద్దీ బిగుసుకుంటుంది, నా చెక్కను వంచిన లక్షణమే ఇక్కడ పనికొచ్చింది. చేతిలో పట్టుకుంటే బరువంతా ముందే ఉంది, వెనక కర్ర తోక మాదిరి. వేలి మీద నిలబెడితే గొట్టం అంచుకు జానెడు వెనక తూగింది. ఆ తోకే దారి తప్పకుండా పట్టుకునేది.

2018లో కర్నాటకలో శివమొగ్గ జిల్లా నగర దగ్గర ఎండిన బావిలో వెయ్యికి పైగా ఇట్లాంటి ఇనుప గొట్టాలు బయటపడ్డాయి. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఇంగ్లండుకు పోయిన రాకెట్లను చూసే విలియం కాంగ్రీవ్ అనే ఇంగ్లీషువాడు తన రాకెట్లు తయారు చేశాడు. 1807లో కోపెన్‌హేగన్ నగరం మీద కురిసినవి అవే. కంచి దగ్గర పల్లెలో మొదలైన నిప్పు డెన్మార్కులో పడింది.

ఆగస్టు 31

దారాలు, పూసలు, కోట జెండాలు అన్నీ అయ్యాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పిల్ల చుట్టూ తిరిగి చూసి, "తాతా, ఊర్లు యాడ?" అంది.

ఊర్లున్నాయి గదమ్మా, ఇదిగో ఆర్కాడు, వేలూరు, కంచి.

"అవి కోటలు. మనుషులుండే ఊర్లు."

సమాధానం లేదు నా దగ్గర. ముప్పై ఏండ్లు మ్యాపుల్లో కూడా నేను ఊర్లను చుక్కలుగానే పెట్టాను.

హైదరు మద్రాసు చుట్టూ, వేలూరు చుట్టూ ఒక పట్టీ గీసి అందులో పల్లెలు కాల్పించాడు. మిగతా సీమను కాల్చలేదు. తాను ఏలుకోవాలనుకున్న చోట శిస్తు వసూలుకు మనుషుల్ని పెట్టుకున్నాడు. శత్రువుకు గింజ, గడ్డి, ఎద్దు దొరక్కుండా చేయడం దాని ఉద్దేశం. పిచ్చికోపం కాదు, లెక్క. నాకు అదే ఎక్కువ భయమేస్తుంది. 1785లో ఎడ్మండ్ బర్క్ లండన్ పార్లమెంటులో దీన్ని కొండ మీద నల్లమబ్బు కర్ణాటకం మీద కుమ్మరించినట్టు వర్ణించాడు. మంచి వక్త. కానీ ఆయన ఆరోజు మాట్లాడింది ఆర్కాటు నవాబు అప్పుల మీద, గురి పెట్టింది ఆ అప్పులిచ్చిన కంపెనీ షావుకార్ల మీద. మన పల్లెలు ఆయనకు ఉపమానం.

సరే, పట్టీని చూపాలి. బొరుగుల బట్టీ దగ్గర ఊక బూడిద రెండు కవర్లు తెచ్చాను. జల్లెడ పట్టి మద్రాసు చుట్టూ, వేలూరు చుట్టూ చల్లాను. నల్లగా, బూడిదగా, భలే కుదిరింది. అక్క వచ్చి "ఉక్కగా ఉండాది" అని ఫ్యాను వేసింది. వేలూరు బూడిద చిత్తూరు, కాణిపాకం దాటి తిరుమల కొండ మీద పడింది.

తుడవడానికి గంటన్నర. ఫెవికాల్ నీళ్ళు స్ప్రే కొట్టి మళ్ళీ చల్లాను. తిరుమల సందుల్లో కొంచెం మిగిలిపోయింది, రాలేదు. మేనల్లుడు ఉండనీ అన్నాడు. తిరుమల దేవుడి రాబడి అప్పుడు నవాబు ఖజానాకు పోయేది. యుద్ధం ఖర్చుకు 1781 డిసెంబరులో నవాబు కర్ణాటకం శిస్తు మొత్తం కంపెనీకి రాసిచ్చాడు. అప్పులు తీరలేదు. 1801లో సీమంతా కంపెనీదే అయింది, గుడి పెత్తనంతో సహా. 1843లో దాన్ని హాథీరాంజీ మఠం మహంతుకు అప్పజెప్పేదాకా ఆ లెక్కలు కంపెనీ కచేరీలోనే నడిచాయి. బూడిద అక్కడిదాకా పోయిందంటే అబద్ధమేమీ కాదని వాడి వాదన. టీచరు గదా, దేన్నైనా పాఠంలోకి లాగుతాడు.

మద్రాసు దగ్గర ఒక అగ్గిపెట్టె ముక్క అతికించాను. 1782 కరువులో గంజి పోసిన మణియకారరు సత్రం. ఇప్పటి స్టాన్లీ ఆసుపత్రికి మొదలు అదే. మా అక్క కంటి ఆపరేషను ఆ ఆసుపత్రిలోనే అయింది. ఆమెకు ఈ సంగతి చెబితే ఫ్యాను ఆపేసి వచ్చి చూసింది.

సెప్టెంబరు 14

చిత్తూరు భాగం. బెంగాల్ నుంచి జనరల్ ఐర్ కూట్‌ను పంపాక కంపెనీ నిలదొక్కుకుంది. 1781లో జూలై 1న పోర్టోనోవో, ఆగస్టు 27న మళ్ళీ అదే పొల్లిలూరు, సెప్టెంబరు 27న షోలింగూరు. మూడూ గెలిచాడు, మూడుసార్లూ తరమలేకపోయాడు. ఎద్దులు లేవు, బియ్యం లేదు. షోలింగూరు తర్వాత ఆయన సైన్యానికి తిండి దొరికింది మన కార్వేటినగరం బొమ్మరాజు పాలెంలో. నవంబరులో చిత్తూరు కోట పట్టాడు. అది మళ్ళీ హైదరు చేతికి పోయింది. ఇక్కడ నీలం జెండా, ఎర్ర జెండా రెండూ ఒకే రంధ్రంలో పెట్టాల్సొచ్చింది.

1782లో సఫ్రెన్ ఫ్రెంచి ఓడలతో వచ్చి తీరం పొడుగునా ఇంగ్లీషు ఓడలతో కొట్లాడాడు. మా నాలుగు సెంటీమీటర్ల సముద్రంలో ఆయనకు చోటు చాల్లేదు. ఇంకో సారి.

చివరి పిన్ను నరసింగరాయనిపేట. హైదరుకు వీపు మీద రాచపుండు. టిప్పు అప్పుడు మలబారు తీరంలో, అంటే మా వరండాలో. హైదరు మంత్రులు పూర్ణయ్య, కృష్ణారావు ఆయన చావు సంగతి దండులో పొక్కనివ్వలేదు. శవాన్ని ఖజానా పెట్టె మాదిరి పెట్టెలో పెట్టి కోలారుకు పంపారు. అక్కడి నుంచి తర్వాత శ్రీరంగపట్నం. మద్రాసుకు కబురందాక గవర్నరు మెకార్ట్నీ కదలమన్నా జనరల్ స్టువర్ట్ కదల్లేదు. ఇంకో ఎండిన ఏరు, ఇంకో గట్టు. టిప్పు వచ్చి దండును చేతిలోకి తీసుకున్నాడు. 1784 మార్చి 11న మంగళూరు సంధి దాకా యుద్ధం నడిచింది.

ఆ పెట్టెకు అగ్గిపుల్లతో అర సెంటీమీటరు ముక్క చేశాను. దానికి ఎర్ర రంగు వేయాలా వద్దా అని మేనల్లుడు అడిగాడు. వద్దన్నాను. దాని పనే కనబడకపోవడం.

సెప్టెంబరు 28

ట్రాలీ ఆటోలో స్కూలుకు చేర్చాం. ఆచారి వెనక కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నాడు. గ్రీమ్స్‌పేట మలుపులో ఒక స్పీడుబ్రేకరుకు పాలారు దగ్గర సన్న పగులు పడింది, వెంట్రుకంత. పుట్టీ పెట్టాలి. ఫ్రిజ్జు దారం కోసం మేనల్లుడు క్లాసు గోడకు ఎదురుగా కొత్త చీటీ అంటించాడు, ఈసారి శ్రీరంగపట్నం బ్లాక్‌బోర్డు మీద, గుంటూరు బయట వేపచెట్టుకు.

పిల్లలు చుట్టూ మూగారు. అరగంట చెప్పాడు. ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక పిల్లవాడు నీళ్ళ బాటిలు తీసి, నేను చూసేలోపే, నగరి కొండల మీద పోశాడు, ఏరు నిజంగా పొంగుతుందా అని. నీళ్ళు గాడిలో దిగి, కొంచెం దూరం పారి, ఆ పాత వంపు మిగిలిన చోట ఆగి మడుగు కట్టాయి. సరిగ్గా బెయిలీ గుడారాలు వేసిన గట్టు దగ్గర. "చూస్తిరా!" అని పిల్లలంతా అరిచారు. మేనల్లుడు నా వైపు చూశాడు. కావాలనే చేశానని అనుకున్నట్టున్నాడు. నేను కాదనలేదు.

బూడిద కొంత లేచి నీళ్ళలో తేలింది. గుడ్డతో అద్ది తీశాను. వార్నిష్ ఇంకో రెండు కోట్లు పడాలి, ఈ ఆదివారం.